ఇంట్లోనే పెంపుడు జంతువుకు వీడ్కోలు: అపోహలు - వాస్తవాలు

నేను పశువుల డాక్టర్‌ని. ఇక నయం కాని పెంపుడు జంతువుకు ఇంట్లోనే ఇంజెక్షన్‌తో నొప్పి తెలియకుండా ప్రాణం పోయేలా చేయమని (యూథనేషియా) ఫోన్ చేసేవాళ్లు చాలామంది ముందు "తప్పుగా అనుకోకండి డాక్టర్ గారూ" అంటారు. తర్వాత కాసేపు మాట రాదు. నేనూ తొందరపెట్టను. తిండి పెట్టి, పక్కలో పడుకోబెట్టుకుని పెంచిన ప్రాణం గురించి అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఫోన్లలో నాకు తరచూ వినిపించే భయాలివి.

అపోహ: అది విషం ఇంజెక్షన్. గిలగిలా కొట్టుకుంటుంది.

వాస్తవం: ఎక్కువగా వాడే మందు పెంటోబార్బిటాల్. అదొక మత్తుమందు, కాకపోతే మోతాదు చాలా ఎక్కువ. ఇంటికి వెళ్లినప్పుడు నేను దాన్ని నేరుగా ఇవ్వను. ముందు కండలో సెడేషన్ ఇంజెక్షన్ ఇస్తాను. ఆ సూది మాత్రం చురుక్కుమంటుంది. మామూలుగా 5 నుంచి 15 నిమిషాల్లో గాఢమైన మత్తులోకి జారుకుంటుంది. అంతసేపూ తల మీ ఒళ్లోనే పెట్టుకోవచ్చు. అప్పుడు కాలి మీద కొంచెం జుట్టు తీసి, నరంలోకి రెండో మందు ఎక్కిస్తాను. కొన్ని సెకన్లలో మిగిలిన కాస్త స్పృహా పోతుంది. తర్వాత ఊపిరి, ఆ వెంటే గుండె ఆగుతాయి. బాగా నీరసించి, ఒంట్లో నీరు తగ్గిన వాటికి నరం దొరకదు. అలాంటప్పుడు పూర్తి మత్తులో ఉండగా పొట్టలోకి సూదితో ఇస్తాం. గుండె ఆగడానికి ఇంకొంత సమయం పడుతుంది, కానీ దానికేమీ తెలియదు.

అపోహ: కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి తీసింది. ఇంకా బతికే ఉంది.

వాస్తవం: ఈ మాట నేను ముందే చెప్పి తీరతాను. చెప్పకపోతే ఆ దృశ్యం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ప్రాణం పోయాక కళ్లు వాటంతట అవి మూతపడవు. ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసినట్టు ఉండొచ్చు, చర్మం అదరొచ్చు, మూత్రం పోవచ్చు. అవేవీ బాధకు గుర్తులు కావు. స్టెతస్కోప్‌తో గుండెను కాసేపు విని, కనుగుడ్డును తాకి చూసి, అప్పుడే "పోయింది" అంటాను.

అపోహ: తింటోంది, తోక ఊపుతోంది. సమయం వస్తే అదే చెబుతుంది.

వాస్తవం: చాలావరకు చెప్పదు. ఎముక కేన్సర్ ఉన్న కుక్క కూడా మీ గొంతు వినగానే తోక ఊపుతుంది. పిల్లులు ఇంకా ఎక్కువ దాచుకుంటాయి. అవి గుర్రుమనడం సంతోషానికే అనుకుంటాం, నొప్పిలోనూ అంటాయి. అందుకే మూడు, నాలుగు విషయాలు రాసుకోమంటాను: తనంతట తాను లేస్తోందా, తన మలమూత్రాల్లోనే పడుకుంటోందా, రాత్రి నిద్రపోతోందా, ఇదివరకు ఇష్టంగా చేసిన పని ఏదైనా ఇంకా చేస్తోందా. క్యాలెండర్‌లో రోజూ మంచిరోజో చెడ్డరోజో గుర్తు పెట్టండి. ఒక ఇంట్లో పెద్దావిడ అలాగే పెట్టి, నెల తర్వాత ఆ కాగితం నా ముందు పరిచారు. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోనక్కర్లేకపోయింది. జంతువు ఎంత హాయిగా బతుకుతోందో కొలవడానికి పశువైద్యురాలు డాక్టర్ ఆలిస్ విలలోబోస్ తయారుచేసిన స్కేల్ కూడా ఉంది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువా అనే ఏడింటికి పదేసి మార్కులు, పరిస్థితి ఎంత బాగుంటే అన్ని ఎక్కువ. 35 దాటితే ఇంకా సంరక్షణ కొనసాగించవచ్చని లెక్క. మార్కులే తీర్పు చెప్పవు, కానీ మన కళ్లకు కమ్మిన ప్రేమను కొంచెం పక్కకు జరుపుతాయి.

అపోహ: సహజంగా పోనిస్తేనే ప్రశాంతం.

వాస్తవం: కొన్నిటికి అవును, నొప్పి తగ్గించే మందులు సరిగ్గా అందుతుంటే. కానీ గుండె జబ్బుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్క గాలి కోసం ఎంత కొట్టుకుంటుందో చూసినవాళ్లు ఆ మాట అనలేరు. అలాంటి ఆయాసం మొదలైతే నా రాక కోసం ఇంట్లో ఎదురుచూడకండి, దగ్గర్లోని ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి.

అపోహ: పిలిస్తే డాక్టర్ వచ్చి చేసేస్తారు.

వాస్తవం: ముందు పరీక్ష చేస్తాను. లేవలేకపోతున్న ముసలి కుక్కకు కీళ్ల నొప్పి మాత్రమే ఉంటే మందులు, జారని చాపలు ఇచ్చి చూద్దామంటాను. అలా ఇంజెక్షన్ బయటికి తీయకుండానే తిరిగొచ్చిన రోజులున్నాయి.

అపోహ: మన నిద్రమాత్రలు ఇస్తే అదే పని అవుతుంది.

వాస్తవం: దయచేసి వద్దు. వాంతులు, ఫిట్స్‌తో గంటల తరబడి నరకం పడొచ్చు. నొప్పికని పిల్లికి పారాసిటమాల్ కూడా ఇవ్వకండి, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు.

అపోహ: పెరట్లో ఎక్కడో ఓ చోట పూడ్చేస్తే చాలు.

వాస్తవం: మందు శరీరంలో ఉండిపోతుంది. తవ్వి తిన్న జంతువులు, పక్షులు కూడా చచ్చిపోతాయి. కనీసం మీటరు లోతు తవ్వాలి, బావికీ నీళ్లకీ దూరంగా. వీలు కాకపోతే దహనమే మేలు.

అపోహ: చివరి క్షణంలో పక్కన లేకపోతే ద్రోహం చేసినట్టే.

వాస్తవం: మొదటి ఇంజెక్షన్ పని చేసి మత్తులోకి జారేవరకు ఉండండి. అది మిమ్మల్ని గుర్తుపట్టేది అంతవరకే. ఆ తర్వాత చూడలేకపోతే పక్క గదిలోకి వెళ్లండి, నేను దాని దగ్గరే ఉంటాను. అంతా అయ్యాక నేనే బయటికి వెళ్లి నిలబడతాను. మీరు పిలిచేవరకు లోపలికి రాను.