కొత్త చక్రం ఎక్కడ ఒరుసుకుంటోంది?

చిరంజీవులు హారికకూ చరణ్‌కూ తాతయ్య ఆశీస్సులు.

బాబాయి కారుకి అల్లాయ్ వీల్స్ వేయించాక యూ టర్న్ తీసుకున్నప్పుడల్లా బర్రుమని చప్పుడొస్తోందనీ, తిన్నగా వెళ్తే రావట్లేదనీ హారిక రాసింది. తిన్నగా వెళ్తే రావట్లేదని కనిపెట్టావు చూడు, సగం జవాబు అదేనమ్మా.

మీ వయసులో నాకు సాయంత్రం పని, వామిలో గడ్డి పీకి మోపు కట్టి నెత్తిన పెట్టుకుని దొడ్లో గేదెలకి వేయడం. దొడ్డి వాకిలి ఇరుకు. తిన్నగా నడిస్తే మోపు లోపలికి పోయేది. గుమ్మంలోనే ఒళ్లు తిప్పితే ద్వారబంధానికి ఒరుసుకుని గడ్డంతా రాలేది. మోపు లావుగా కట్టినా అంతే. లావు లేకపోయినా నెత్తి మీద ఓ పక్కకి జరిగిందంటే ఆ పక్క గీసుకునేది. ఏళ్ల తరబడి మోపులు రాసుకుని ద్వారబంధం మీద ఒకచోట చెక్క నున్నబడిపోయింది. "ఎక్కడ తగులుతోందో గుమ్మమే చెబుతోంది, ముందది చూడరా" అనేవారు మా నాన్న.

చక్రం మోపు, దాని మీద కప్పినట్టుండే ఫెండర్ అనే రేకు వాకిలి, స్టీరింగ్ తిప్పడం గుమ్మంలో ఒళ్లు తిప్పడం అనుకోండి. టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉంటే, 185 మిల్లీమీటర్లు వెడల్పు, ఆ వెడల్పులో నూటికి 65 వంతులు రబ్బరు గోడ ఎత్తు, 15 అంగుళాలు రిమ్ము. కింద నుంచి పైదాకా టైరు ఎత్తు 621 మి.మీ. 16 అంగుళాల రిమ్ముకి 195/55 వేసినా ఎత్తు ఇంచుమించు అంతే. 205/60 వేస్తే 652 అవుతుంది. అంటే మోపు లావైంది.

మోపు పక్కకి జరగడం లాంటిదే ఆఫ్‌సెట్. అదెంతో మిల్లీమీటర్లలో చెప్పే అంకె రిమ్ము మీద ఈటీ అని ఉంటుంది. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. అయిదున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ము తీసేసి, ఏడు అంగుళాలది ఈటీ 35 వేశారనుకోండి, రిమ్ము బయటికి 29 మి.మీ., లోపలికి 9 మి.మీ. పెరుగుతుంది. పైగా కారులో అయిదుగురు ఎక్కినా, గోతిలో పడినా వాకిలే కిందికి దిగుతుంది!

ఫెండర్ అంచు కోసేద్దామని ఎవరైనా అంటే బాబాయిని ఒప్పుకోవద్దనండి. కోసిన రేకు తుప్పు పడుతుంది. టైరు సైజు తప్పయితే టైరే మార్చాలి. సైజు సరిగ్గా ఉండి రేకు మడతకి కొంచెం తగులుతుంటే, పెయింటు పగలకుండా వేడిచేసి ఆ మడతని లోపలికి వంచుతారు. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగు, అంటే లైనర్, క్లిప్పు ఊడి వేలాడుతుంటే క్లిప్పు వేస్తే సరిపోతుంది. చక్రం వెనక బిగించే బిళ్ల, స్పేసర్, చక్రాన్ని బయటికి తోస్తుంది కాబట్టి లోపల సస్పెన్షన్‌కి, అంటే కుదుపులు ఓర్చే స్ప్రింగుల అమరికకి, తగిలితేనే పనికొస్తుంది, బయట తగిలేదానికి వేస్తే ఇంకా చెడుతుంది. ఇదంతా తేలేదాకా ఊళ్ల ప్రయాణం వద్దు. ఒరుసుకుని ఒరుసుకుని టైరు గోడ పలచబడితే వేగంలో పేలిపోవచ్చు. చక్రాల అందం కన్నా లోపల కూర్చున్నవాళ్లు ముఖ్యం.

ఈ ఆదివారం ముందువైపు టైర్ల అంచులకి సుద్దముక్క రాయండి. బాబాయిని మెల్లగా ఓ యూ టర్న్ తీసుకురమ్మని, స్టీరింగ్ చివరిదాకా తిప్పించి, ఇంజను ఆపి హ్యాండ్ బ్రేక్ వేయమనండి. అప్పుడు టార్చి వేసి చూడండి. సుద్ద ఎక్కడ అంటింది? లైనర్ ఎక్కడ నున్నబడింది? ఏ చక్రమో, లోపలో బయటో రాసి ఫోటో పంపండి. రిమ్ము మీది ఈటీ అంకె కూడా వెతకండి, అది చువ్వల వెనక దాక్కుని ఉండొచ్చు.

మీ తాతయ్య