నడుంనొప్పి, కైరోప్రాక్టిక్: ఈ గొడవ అర్థం కావాలంటే 1994 చూడాలి

నడుం మీద ఒక్క నొక్కు, టక్కున శబ్దం, పడుకున్న మనిషి లేచి నవ్వడం. చేత్తో వెన్ను సర్దే కైరోప్రాక్టిక్ చికిత్స వీడియోలివి, వీటి చుట్టూ మళ్లీ అదే వాదన మొదలైంది, కొందరు అద్భుతం అంటున్నారు, కొందరు పచ్చి మోసం అంటున్నారు. 1895లో అమెరికాలో డి.డి. పామర్ దీన్ని మొదలుపెట్టిన కథ చాలామంది విన్నదే, అక్కడికి వెళ్లను. 1987లో కైరోప్రాక్టర్లు అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మీద కేసు గెలిచిన మాట నిజమే, కానీ ఆ తీర్పు వ్యాపార పోటీని అడ్డుకోకూడదనే చట్టం కింద వచ్చింది. నొప్పి తగ్గుతుందా లేదా అన్నది కోర్టు తేల్చలేదు.

అసలు మలుపు 1994. ఆ ఏడాది ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో నడుంనొప్పి అసలే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మందికి వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో ఏదో ఒక తేడా కనిపించింది. అంటే స్కాన్‌లో కనిపించిందల్లా నొప్పికి కారణం కాదన్నమాట. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వ ఏజెన్సీ ఒకటి కొత్తగా మొదలైన నడుంనొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది: రోజుల తరబడి మంచం మీద పడుకోవద్దు, ప్రమాద సంకేతాలు లేకపోతే మొదటి నెల స్కాన్ అక్కర్లేదు, ఆ నెలలో చేత్తో వెన్ను సర్దే చికిత్స ఉపయోగపడొచ్చు, గుణం కనిపించకపోతే ఆపేసి మళ్లీ పరీక్షించాలి. ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు చాలా తక్కువని కూడా చెప్పింది. దాంతో కొందరు వెన్నెముక సర్జన్లు మండిపడ్డారు, పరిశోధనను సరిగా చూడలేదన్నారు. రాజకీయ ఒత్తిడి పెరిగి ఏజెన్సీ నిధులకు కోత పడింది, 1996కల్లా అది మార్గదర్శకాలు రాయడమే మానేసింది.

కానీ అందులోని సలహాలు నిలబడ్డాయి. 2017లో రోగుల మీద చేసిన 26 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో చేత్తో వెన్ను సర్దే ఈ చికిత్సతో కొత్త నడుంనొప్పి ఆరు వారాల వరకు కొంత తగ్గుతుందని తేలింది. కొంత మాత్రమే. బ్రిటన్ 2016 మార్గదర్శకాలైతే వ్యాయామంతో కలిపి చేస్తేనే సరే అన్నాయి, అదొక్కటే అయితే వద్దన్నాయి.

మరి ఆ శబ్దం? పక్కకి తిప్పి పడుకోబెట్టి, పై మోకాలు మడిచి, భుజాన్ని ఒకవైపు, కటిని మరోవైపు తిప్పి చటుక్కున నెట్టినప్పుడు కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ ఏర్పడి వచ్చేది అది. జారిన ఎముక సర్దుకున్న శబ్దం కాదు. శబ్దం వినిపించి "పూస కూర్చుంది" అని నెలల ప్యాకేజీలు అమ్మేవాళ్ల మాటకి ఆధారం లేదు, నాకు కోపమొచ్చేది కూడా అక్కడే. ఎందుకంటే దానివల్ల మంచి చికిత్సకి కూడా చెడ్డపేరు వస్తుంది.

తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, కాళ్లలో బలం పోవడం, ఇవి ఉంటే ఎవరితోనూ వెన్ను నొక్కించుకోకుండా వెంటనే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి.