తడి రుమాలు

బుజ్జీ, చిన్నోడా,

ఇన్నోవేషన్, మార్కెటింగ్, కస్టమర్ రిలేషన్స్ అని బడిలో మూడు చార్టులు చేసుకు రమ్మన్నారట కదా. "పెద్ద కంపెనీల ఓనర్లు రోజంతా ఏం చేస్తారు తాతా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. నేను సగం చెప్పేసరికి మీ అమ్మ అన్నానికి పిలిచింది. మిగతా సగం ఇది.

బరంపురంలో ముప్పై ఏళ్ళు పట్టుబట్టల కొట్టులో గుమాస్తాగా చేసినవాణ్ణి, అందుకని మగ్గంతోనే మొదలుపెడతాను. జపాన్‌లో సకిచి టొయోడా అని ఒక వడ్రంగి కొడుకు ఉండేవాడు. చేతిమగ్గం మీద ఆడవాళ్ళు పడే అవస్థ దగ్గరుండి చూశాడు. రెండు చేతులూ పెట్టాల్సిన పనిని ఒక్క చేత్తో చేసే చెక్క మగ్గం తయారుచేసి 1891లో పేటెంటు తెచ్చుకున్నాడు. 1924 నాటికి ఆటోమేటిక్ మగ్గం వచ్చింది. అది వేగంగా నేస్తుందని అందరూ అంటారు గానీ, నాకు నచ్చింది వేరు. దారం తెగితే దానంతటదే ఆగిపోతుంది. పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒక్క పోగు తెగింది చూసుకోకపోతే చీర పొడవునా గీత పడుతుంది, ఇక దాన్ని ఏ ఇస్త్రీ పోగొట్టలేదు. అందుకే నేతగాడు రోజంతా పోగుల మీద నుంచి కళ్ళు తిప్పుకోలేడు. ఆ కాపలా పనిని టొయోడా మగ్గానికే అప్పజెప్పాడు. రోడ్డు మీద కనిపించే టొయోటా కార్లు ఆయన కొడుకు మొదలుపెట్టినవే.

రతన్ టాటా గారు కూడా అలాగే చూశారు. వానలో ఒకే స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూసి, నానో అని లక్ష రూపాయల కారు తయారుచేయించి 2008లో చూపించారు. చూడ్డం బాగానే ఉంది, అమ్మడం దగ్గర తేడా కొట్టింది. నానోకి 'అన్నిటికన్నా చవక కారు' అన్న పేరు పడిపోయింది. పెళ్ళి చీరకి వచ్చినవాళ్ళు "చవకది తియ్యండి" అని పైకి ఎప్పుడైనా అంటారా? నా చెవి దగ్గరకొచ్చి అనేవాళ్ళు. నేను ధర చీటీ లోపలికి మడిచి చూపించేవాణ్ణి. ఆ పేరే దెబ్బతీసిందని తర్వాత టాటా గారే ఒప్పుకున్నారు. 2018లో తయారీ ఆగింది.

కడలూరు రంగనాథన్ గారు 1983లో 15 వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టారు. సీసా కొనలేని ఇళ్ళకి ఒక తలస్నానానికి సరిపడా ప్యాకెట్టు అమ్మారు. ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఉచితం అన్నారు. కొన్నాళ్ళకి చిక్ ఖాళీలే తెమ్మన్నారు. కొంటెతనమే, కానీ పనిచేసింది.

ఇక మా కొట్టు సంగతి. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో, షాపు కిటకిటలాడుతుంటే, ఆస్కా వైపు నుంచి ఒకావిడ వచ్చి మా దగ్గర కొన్న చీర కౌంటర్ మీద పరిచింది. ఎర్ర అంచు రంగు దిగి, మీగడ రంగు చీరంతా గులాబీ మరకలు. "పట్టుని నీళ్ళలో పెడతారా అమ్మా?" అని నేనే ముందు నోరు పారేసుకున్నాను. మా ఓనర్ ఏమీ అనలేదు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి, గ్లాసులో తడిపి, అదే రంగు అద్దకంలో వచ్చిన కొత్త చీర అంచు మీద నాలుగుసార్లు రుద్దారు. రుమాలు ఎర్రబడింది.

ఆవిడకి వేరే చీర ఇచ్చారు. ఆ అద్దకంవి అన్నీ అల్మారాలోంచి దింపించి వెనక్కి పంపేశారు. మర్నాటి నుంచి కొనేవాళ్ళ ఎదురుగానే రుమాలు రుద్దాలని మాకు ఆర్డరు. రంగు అంటితే ఆ చీర అమ్మకూడదు. కుదిరిన బేరాలు కళ్ళముందే పోయేవి, వాటితోపాటు నా కమిషనూ పోయేది. ఈయనకి మతి పోయిందని ఇంటికొచ్చి మీ అమ్మమ్మ దగ్గర విసుక్కునేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ యాత్ర వచ్చింది. బయట ఎవరో "రుమాలు కొట్టు ఎక్కడ?" అని దారి అడుగుతున్నారు. బోర్డు మీద ఉన్న పేరు అదికాదు, మాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆటో దిగుతున్నది ఆస్కా ఆవిడే, వెంట నలుగురు ఆడవాళ్ళు.

ఈ రుమాలుని మీ మూడు చార్టుల్లో దేనిమీద అంటించాలో నాకు తెలీలేదు. టీచర్‌ని అడిగి చెప్పండి.

మీ తాత,
బరంపురం