వంగితే విశ్వాసం పోతుందా? జూడో మ్యాట్ దగ్గర వినే అపోహలు

మొన్నటి జిల్లా ఎంపికల్లో నా దగ్గర జూడో నేర్చుకునే అమ్మాయి ఒక్క పట్టు పట్టకుండానే ఓడిపోయింది. 48 కిలోల విభాగం. మ్యాచ్‌కు ముందు ఒకరికొకరు వంగమని రిఫరీ సైగ చేశాడు, ఎదుటి అమ్మాయి వంగింది, మా పిల్ల కర్రలా నిలబడిపోయింది. రిఫరీ మళ్లీ సైగ చేశాడు. పిల్ల కళ్లు గ్యాలరీలో తల్లిని వెతికాయి. తల్లి తల అడ్డంగా ఊపింది. మ్యాచ్ ఎదుటి అమ్మాయికి ఇచ్చేశారు. తెల్లవారుజామున అయిదింటికి వచ్చి ఉకెమీలు (దెబ్బ తగలకుండా కిందపడే సాధన) కొట్టీ కొట్టీ భుజాలు కమిలిపోయిన పిల్ల! ఆరా తీస్తే, అంతకు రెండు రోజుల ముందు ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారట: 'జపాను దేవతలకు మీ పిల్లలు సాగిలపడుతున్నారు' అని.

నేనూ చర్చిలో పెరిగినవాడినే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాడిని. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఈ ఒక్క భయంతో మానేస్తున్నారు కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: ప్రత్యర్థికి వంగడం విగ్రహారాధన.

నిర్గమకాండం 20 చూపిస్తారు: 'వాటికి సాగిలపడకూడదు.' ఆ వెంటనే, రాజు నిలబెట్టిన ప్రతిమకు సాగిలపడని షద్రకు, మేషాకు, అబేద్నెగోల పేర్లు వస్తాయి. బాగుంది. అదే బైబిల్లో ఆదికాండం 23 కూడా చదవండి. భార్య సమాధికి స్థలం అడగడానికి వెళ్లిన అబ్రాహాము ఆ దేశ ప్రజలైన హేతు కుమారులకు సాగిలపడ్డాడు. 33వ అధ్యాయంలో యాకోబు అన్న ఏశావుకు ఏడుమార్లు సాగిలపడ్డాడు. మాట ఒకటే, పని వేరు. మొదటి చోట నిషేధించింది విగ్రహాన్ని పూజించడం, రెండో చోట ఉన్నది మనిషికి మనిషి ఇచ్చే మర్యాద. అంత దూరం ఎందుకు? ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరు గారికి చేతులు జోడించి, తల వంచి 'వందనాలండీ' అనని విశ్వాసి మన తెలుగు సంఘాల్లో ఉన్నాడా? ఆయనను పూజిస్తున్నామా? జూడోలో రే అంటే ఆ వందనమే. 'నిన్ను కిందపడేస్తాను కానీ నీకు హాని తలపెట్టను' అని ఎదుటివాడికి ఇచ్చే మాట.

ఇదే గొడవ అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో కోర్టుకెక్కింది. జూడోలో వంగడం మతాచారం కాదని 2002లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. ఇంకో సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మ్యాట్ మీదికి వస్తూ సిలువ గుర్తు వేసుకున్న సెర్బియా ఆటగాడు నెమాన్యా మైదోవ్‌ను, మత చిహ్నం ప్రదర్శించాడని అంతర్జాతీయ సమాఖ్య అయిదు నెలలు సస్పెండ్ చేసింది. ఆ శిక్ష నాకు కఠినంగానే తోచింది. కానీ మత చిహ్నాలను మ్యాట్ మీదికి రానివ్వని ఆ సమాఖ్యే వంగడాన్ని తప్పనిసరి చేసిందంటే, దాని దృష్టిలో అది మతం కాదనేగా అర్థం!

'జూడో పుట్టింది బౌద్ధ గుడిలోనే కదా' అంటారు. నిజమే. 1882లో టోక్యోలోని ఎయిషోజీ ఆలయంలో, పన్నెండు చాపల గదిలో కానో జిగోరో మొదలుపెట్టాడు. మన ఊళ్లలో ట్యూషన్లు రామాలయం అరుగు మీద జరగలేదా? అక్కడ నేర్చుకున్న ఎక్కాలకు మతం అంటిందా?

అయితే ఆ తల్లుల భయమంతా ఉత్తదే అనను. కొన్ని క్లబ్బుల్లో కానో ఫోటోకు దండ వేసి అగరుబత్తి వెలిగిస్తారు. దసరాకు ఆయుధ పూజ చేసి కొబ్బరికాయ కొడతారు. అది ఆ క్లబ్బు అలవాటు, జూడో నియమం కాదు. 'మా పిల్ల అప్పుడు పక్కన నిలబడుతుంది మాస్టారూ' అని చెప్పండి. మర్యాదగా చెబితే కాదనే కోచ్‌ను నేను ఇంతవరకు చూడలేదు. చెప్పకుండా మాన్పించడమే నాకు ఒళ్లు మండే విషయం.

నా తప్పూ ఒకటుంది. కోచ్ అయిన కొత్తలో పోటీకి ముందు జట్టు మొత్తాన్ని చేతులు పట్టుకుని నిలబెట్టి ప్రార్థన చేయించేవాడిని. మా జట్టులో ఒక ముస్లిం కుర్రాడు ఉండేవాడు. ఒకసారి కళ్లు తెరిచి చూస్తే, వాడు పక్కవాళ్ల చేతులు వదిలేసి, తల వంచుకుని బెల్టు విప్పి కడుతున్నాడు. మళ్లీ విప్పి కడుతున్నాడు. 'ఆమేన్' వచ్చేదాకా అదే పని. దండ వేసిన ఫోటో ముందు మన పిల్ల పడే ఇబ్బందినే నేను వాడికి పెట్టాను. ఆ తర్వాత నుంచి ప్రార్థన కావాలనుకున్నవాళ్లు బ్యాగుల మూలకు వెళ్లి చేసుకుంటారు. నేనూ వెళతాను, ఎవరినీ పిలవను. నాకు తెలిసి జట్టు ఏమీ చీలిపోలేదు.

మిగతావి గబగబా. మొకుసోలో, అంటే సాధనకు ముందూ వెనకా మౌనంగా కూర్చునే నిమిషంలో, కళ్లు మూసుకుంటే దురాత్మలు దూరతాయట! ఆ నిమిషంలో పదేళ్లవాడి బుర్రలో దూరేది సమోసా. రెండో చెంప చూపమన్న ప్రభువు కుస్తీ వద్దన్నాడా? పౌలు కూడా గాలిని కొట్టినట్టు పోట్లాడనని ముష్టియుద్ధం భాషలోనే రాశాడు. ఆదివారం పోటీల ఇబ్బంది మాత్రం నిజమైనదే. దానికి నా దగ్గర మందు లేదు, తెల్లవారుజాము ఆరాధన ఉన్న చర్చి వెతుక్కోవడం తప్ప. ఇక ఉపవాస ప్రార్థనతో బరువు దింపడం: ఎదిగే పిల్లలతో నీళ్లు మాన్పించకండి. కళ్లు తిరిగి పడిపోతారు. ఆ ఉపవాసం పోటీలయ్యాక పెట్టుకోండి.

పోయిన సోమవారం ఆ తల్లి మళ్లీ వచ్చింది, ఆదికాండం దగ్గర వేలు పెట్టిన బైబిలుతో. గంటసేపు మాట్లాడుకున్నాం. అన్నిటికీ ఒప్పుకుందని చెప్పలేను. 'మ్యాట్ ఎక్కే ముందు ప్రార్థన చేసుకోవచ్చా, అయ్యగారూ?' అని అడిగింది. చేసుకోవచ్చమ్మా, పేరు పిలవక ముందే ముగించమనండి, గోళ్లు కూడా కత్తిరించుకుని రమ్మనండి అన్నాను. వెనక నిలబడిన పిల్ల అప్పటికే చెప్పులు విడిచి, మ్యాట్ అంచున వంగి లోపలికి వెళ్లిపోయింది.