పది లారీల కేసు: అసలు ముడి ఆ జెట్టీ దగ్గరే

బంగ్లాదేశ్ హోంశాఖ మాజీ సహాయమంత్రి లుత్ఫోజ్జమాన్ బాబర్ 2025 జనవరి 16న జైలు నుంచి బయటికొచ్చారు. 17 ఏళ్ల తర్వాత. దాంతో అస్సాం వేర్పాటువాద సాయుధ సంస్థ ఉల్ఫా కోసం దిగాయన్న ఆయుధాలు 2004లో పట్టుబడ్డ చిట్టగాంగ్ 'పది లారీల కేసు' మళ్లీ మాటల్లోకొచ్చింది. గువాహటిలో కాస్త టెన్షన్ కూడా మొదలైంది.

ఉల్ఫా ఎలా పుట్టిందో కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ కథకు 2003 డిసెంబరు 15 చాలు. ఆ రోజు భూటాన్ సైన్యం తన అడవుల్లో ఉన్న 30 మిలిటెంట్ శిబిరాల మీద విరుచుకుపడింది. వాటిలో 13 ఉల్ఫావే. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న స్థావరం కొద్ది రోజుల్లో చెదిరిపోయింది. ఇక మిగిలిన పెద్ద ఆసరా బంగ్లాదేశే.

మూడున్నర నెలలు తిరిగాయి. 2004 ఏప్రిల్ 1 రాత్రి, కర్ణఫూలీ నది ఒడ్డు. రెండు ట్రాలర్ల నుంచి పెట్టెలు దించి లారీల్లోకి ఎక్కిస్తున్నారు. దొంగచాటుగా ఏ ఇసుక తిన్నె మీదో కాదు, సర్కారు యూరియా కార్ఖానా జెట్టీలో! పోలీసులొచ్చి పెట్టెలు విప్పితే 4,930 తుపాకులు, 27,020 గ్రెనేడ్లు, 840 రాకెట్ లాంచర్లు, 11,40,520 తూటాలు. పోలీసు లెక్కలో ఇది తుపాకీల దందా, నా లెక్కలో చిన్న యుద్ధానికి సరిపడా సరంజామా.

ఆ కార్ఖానా పరిశ్రమల శాఖ కిందిది. అప్పుడు ఆ శాఖ మంత్రి జమాతే ఇస్లామీ పార్టీ నేత మతీవుర్ రహ్మాన్ నిజామీ. నా దృష్టిలో కేసు మొత్తం ఇక్కడే ముడిపడి ఉంది. సర్కారు జెట్టీలో అంత సరుకు దిగాలంటే గేటు ఎవరో తీయాలి కదా? మొదటి దర్యాప్తు ఆ ప్రశ్న జోలికే పోలేదు. కూలీలు, లారీవాళ్ల చుట్టూ తిరిగి ఆగిపోయింది. పైగా, ఆ రాత్రి జెట్టీకి ముందు చేరిన ఇద్దరు పోలీసులే తర్వాత ఆయుధాల కేసులో జైలుకెళ్లి నిర్దోషులుగా బయటపడ్డారు.

2008లో కోర్టు మళ్లీ దర్యాప్తు చేయమన్నాకే పెద్ద పేర్లు బయటికొచ్చాయి. 2014 జనవరి 30న చిట్టగాంగ్ కోర్టు నిజామీ, బాబర్, ఇద్దరు మాజీ నిఘా అధిపతులు, ఉల్ఫా సైనిక నేత పరేశ్ బారువా సహా 14 మందికి మరణశిక్ష వేసింది. నిజామీని 2016లో ఉరితీశారు, అది 1971 నాటి యుద్ధ నేరాల కేసులో.

రాజకీయ కక్షతో ఇరికించారన్నది బాబర్ వైపు వాదన. 2024 డిసెంబరు 18న హైకోర్టు ఆయన్ను, మరికొందర్ని నిర్దోషులుగా వదిలేసింది. బారువా మరణశిక్ష యావజ్జీవానికి తగ్గింది.

2009 నుంచి ఢాకాలో షేక్ హసీనా ప్రధానిగా ఉన్నన్నాళ్లూ ఉల్ఫాకు అక్కడ చోటు లేకుండా పోయింది. 2009లో ఉల్ఫా అధ్యక్షుడు అరవింద రాజ్‌ఖోవా భారత్ చేతికి చిక్కారు. 2015లో మరో ఉల్ఫా అగ్రనేత అనూప్ చేతియాను బంగ్లాదేశే అప్పగించింది. 2024 ఆగస్టులో హసీనా గద్దె దిగి దేశం విడిచి వెళ్లిపోయారు. అస్సాంలో గుబులంతా దాని గురించే, ఒక్క తీర్పు గురించి కాదు.

ఉల్ఫాలో చీలిక తర్వాత చర్చలకు దిగిన రాజ్‌ఖోవా వర్గం 2023 డిసెంబరు 29న ఢిల్లీలో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ పెట్టెలు ఎవరి కోసం దిగాయని కోర్టులో చెప్పారో, ఆ బారువా వర్గం మాత్రం పెట్టలేదు.