టీనేజ్ పిల్లలు, బ్రషింగ్ యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

"వీడు ఎలాగూ ఫోన్ వదలడు, బ్రష్ చేయించే యాప్ ఏదైనా ఉంటే చెప్పండి డాక్టర్ గారూ." క్లినిక్‌లో ఈ మధ్య తల్లిదండ్రులు తరచూ అడుగుతున్న మాట ఇది. అడగాల్సిన ప్రశ్నే. పన్నెండేళ్ళు దాటాక పళ్ళకు గడ్డుకాలం మొదలవుతుంది. దగ్గరుండి తోమించే అలవాటు అమ్మానాన్నలకు తప్పిపోతుంది, చిరుతిళ్ళు, కూల్‌డ్రింకులు పెరుగుతాయి, రాత్రి బ్రష్ అన్న మాటే ఉండదు. ఇలాంటప్పుడు యాప్ నిజంగా పనికొస్తుంది. అయితే అది చేయగలిగే పని ఒకటి, మనం దాని నుంచి ఆశిస్తున్నది మరొకటి.

అపోహ: రిమైండర్ పెడితే చాలు, అలవాటు దానంతటదే పడుతుంది.

వాస్తవం: బ్రిటన్‌లో బ్రైట్ అనే పెద్ద అధ్యయనం సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించింది. 42 స్కూళ్ళు, 4,680 మంది పిల్లలు, వయసు 11 నుంచి 13 ఏళ్ళు. ఒక వర్గానికి క్లాసులో పాఠం చెప్పి, ఆ తర్వాత రోజుకు రెండుసార్లు ఫోన్‌కి మెసేజ్‌లు పంపారు, ఇంకో వర్గానికి ఇవేవీ లేవు. ఆరు నెలలకు మెసేజ్‌లు అందిన వర్గంలో రెండు పూటలా తోముకుంటున్నామని చెప్పిన పిల్లలు ఎక్కువగానే ఉన్నారు. రెండున్నరేళ్ళకు వచ్చేసరికి ఆ తేడా పోయింది. పిప్పి పళ్ళు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగా తేలాయి.

నాకు ఇందులో నిరాశ ఏమీ కనిపించదు. రిమైండర్ మొదలుపెట్టిస్తుంది, కానీ నిలబెట్టలేదు. అందుకే దాన్ని పెట్టే టైమ్ ముఖ్యం. రాత్రి పదిన్నరకు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు మోగే రిమైండర్‌ని ఏ పిల్లాడైనా పక్కకు తోసేస్తాడు. రాత్రి భోజనం అయిన అరగంటకు పెట్టండి. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రి వదిలేసిన పాచి చేసే చెరుపు ఎక్కువ.

అపోహ: టైమర్ రెండు నిమిషాలు చూపిస్తే పళ్ళు శుభ్రమైనట్టే.

వాస్తవం: నన్ను అడిగితే అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే. యాప్‌కి గడియారం తెలుసు, పాచి కనిపించదు. ఫోన్‌కి కలిపి వాడే బ్లూటూత్ బ్రష్‌లు కూడా బ్రష్ ఎటు కదిలింది, ఎంత నొక్కింది అన్నవే చెబుతాయి. పన్ను మీద ఏం మిగిలిందో చెప్పలేవు.

మిగిలింది కనిపించాలంటే డిస్‌క్లోజింగ్ టాబ్లెట్ అనే రంగు మాత్ర వాడాలి. ఆన్‌లైన్‌లో, డెంటల్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. బ్రష్ చేశాక ఒకటి నమిలి, నోరంతా తిప్పి ఉమ్మేస్తే పాచి ఉన్నచోట ఎర్రగా అంటుకుంటుంది. స్కూలు యూనిఫాంలో ఉండగా మాత్రం వద్దు, మరక పోదు. ముందు పళ్ళు తళతళలాడే పిల్లల్లో కూడా ఎరుపు కనిపించే చోట్లు దాదాపు ఒకటే: కింది ముందు పళ్ళ లోపలి వైపు, చిగుళ్ళను ఆనుకుని సన్నటి గీతలా, పైన చివరి దంతానికి బుగ్గవైపు. ఆ చివరి దంతం సుమారు పన్నెండో ఏట కొత్తగా వస్తుంది, అక్కడ ఇంకో పన్ను వచ్చిందన్న సంగతే చాలామంది పిల్లలు గమనించరు. అక్కడికి బ్రష్ వెళ్ళాలంటే నోరు పూర్తిగా తెరవకూడదు. నోరు సగం మూస్తే బుగ్గ వదులవుతుంది, బ్రష్ సులువుగా లోపలికి జారుతుంది.

ఆ ఎరుపును ఫోన్‌తో ఫొటో తీయించండి. వారానికి ఒకటి చాలు. ఫోన్ వల్ల పళ్ళకు జరిగే అసలు మేలు ఇదేనని నా నమ్మకం: తన నోరు తాను చూసుకోవడం. నెదర్లాండ్స్‌లో క్లిప్పులు వేసుకున్న 12 - 16 ఏళ్ళ పిల్లల కోసం వైట్‌టీత్ అనే యాప్ తయారుచేసినవాళ్ళు కూడా ఈ రంగు మాత్రల్ని, సెల్ఫీలను అందులో భాగం చేశారు.

అపోహ: యాప్ ఇచ్చేశాం, ఇక మన జోక్యం అక్కర్లేదు.

వాస్తవం: ఇరాన్‌లో 791 మంది టీనేజ్ పిల్లలతో టెలిగ్రామ్ ద్వారా ఒక ప్రయత్నం చేశారు. ఒక వర్గంలో పిల్లలకు మాత్రమే సందేశాలు, ఇంకో వర్గంలో అమ్మలకు కూడా. అమ్మలు కూడా ఉన్న వర్గంలోనే బ్రషింగ్ ఎక్కువ మెరుగుపడింది. ఇటలీలో క్లిప్పులు వేసుకున్న 80 మంది పిల్లల్లో కొందరిని వాట్సాప్ గ్రూపులో చేర్చి, సెల్ఫీలతో పోటీ పెడితే పాచి తగ్గింది, పళ్ళ మీద తెల్ల మచ్చలు (పిప్పికి తొలి గుర్తు) కూడా తక్కువగా వచ్చాయి. యాప్ వెనక ఒక మనిషి, అమ్మో స్నేహితుడో డాక్టరో, ఉన్నప్పుడే పిల్లలు పట్టించుకుంటారు. కాకపోతే "బ్రష్ చేశావా?" అని నిలదీయకండి. "ఫొటో చూపించు, పోయిన వారం కన్నా తగ్గిందా?" అని అడగండి.

అపోహ: విదేశీ యాప్ చెప్పిన పేస్టే కొనాలి. లేదా, మనది ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతం కాబట్టి ఫ్లోరైడ్ పేస్టే వద్దు.

వాస్తవం: బ్రిటన్ యాప్‌లు 1350 - 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అన్న కొలత) ఫ్లోరైడ్ పేస్ట్ వాడమంటాయి. మన దేశంలో పేస్ట్‌కి పరిమితి 1000 పీపీఎం. ఆ పేస్ట్‌నే రోజూ రెండు పూటలా వాడి, నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే మంచి రక్షణే దొరుకుతుంది. ఇంకా ఎక్కువ కావాలా అన్నది నోరు చూసి డాక్టర్ తేల్చాలి. ఇక నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో చూసే ఫ్లోరోసిస్ మచ్చలు, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద పడే మచ్చలు, పళ్ళు దవడలో తయారయ్యే చిన్నతనంలో తాగిన నీళ్ళ వల్ల వచ్చినవి. పదమూడేళ్ళ పిల్లల నోట్లో కనిపించే పళ్ళు అప్పటికే తయారైపోయి ఉంటాయి. ఉమ్మేసే పేస్ట్ వాటి మీద కొత్త మచ్చలు తేదు.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: చాలా యాప్‌లలో కనిపించే ఛాలెంజ్ ఇది. లండన్‌లో 2010లో వెలువడిన అధ్యయనంలో ఒక కొత్త అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254. ఇరవై రెండో రోజున మీ అమ్మాయి మానేస్తే తిట్టకండి, మళ్ళీ మొదలుపెట్టించండి.

అపోహ: ఫొటో తీస్తే పిప్పి పన్ను ఉందో లేదో యాప్ చెప్పేస్తుంది.

వాస్తవం: రెండు పళ్ళ మధ్య మొదలయ్యే పిప్పి ఫోన్ కెమెరాకి అందదు, దానికి ఎక్స్‌రే కావాలి. ఇంకో జాగ్రత్త: పిల్లల ముఖం ఫొటోలు, పేరు, స్కూలు అడిగే యాప్‌లు వద్దు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పళ్ళ ఫొటోలు ఇంటి ఫోన్‌లోనే ఉంచితే సరిపోతుంది.

అపోహ: యాప్ ఉన్నన్నాళ్ళూ టెన్షన్ లేదు.

వాస్తవం: టెన్త్ అయ్యి ఇంటర్ హాస్టల్‌లో చేరగానే చాలాచోట్ల ఫోన్ తీసేసుకుంటారు. అక్కడ స్టడీ అవర్ ముగిసేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. అందుకే టెన్త్ చదువుతున్నప్పుడే రిమైండర్ ఆపేసి చూడండి. పుస్తకాలు మూయగానే, పక్క పరుచుకోకముందే బ్రష్ పట్టుకునేలా అలవాటు చేయండి. ట్రంకుపెట్టెలో రెండు బ్రష్‌లు, ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ పెట్టి పంపండి. సెలవులకు ఇంటికి వచ్చిన రోజు ఒక రంగు మాత్ర నమిలించి, ఫొటో తీసి, పాత ఫొటో పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూడండి. ఎరుపు పెరిగి ఉంటే ఆ సెలవులన్నాళ్ళూ యాప్ మళ్ళీ తెరవండి. తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందంటే మాత్రం బ్రష్ ఆపకుండా, తిరిగి హాస్టల్‌కి పంపేలోపే డాక్టర్‌కి చూపించండి.