టీకా రోజు చెమటోడిస్తే లాభమా? పెద్దవాళ్ల వ్యాయామం, టీకాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రోజూ వాకింగ్ చేసేవాళ్లకు ఫ్లూ టీకా అక్కర్లేదు.

నడకతో సత్తువ వస్తుంది గానీ ఫ్లూ వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు పుట్టవు. అవి టీకాతోనో, జబ్బు చేసో రావాల్సిందే. పైగా వయసు మీదపడే కొద్దీ థైమస్ గ్రంథి కుంచించుకుపోయి, కొత్త టీ కణాలు (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గి, టీకాకు ఒళ్లు స్పందించే తీరు మందగిస్తుంది. అమెరికాలో 65 దాటినవాళ్లకు ఒక్కో స్ట్రెయిన్‌కు (వైరస్ రకానికి) మామూలు 15 మైక్రోగ్రాములకు బదులు 60 మైక్రోగ్రాములుండే ఫ్లూ టీకా ఇస్తున్నది ఇందుకే.

అపోహ: సూది వేయించుకున్న రోజు గట్టిగా వ్యాయామం చేస్తే టీకా బాగా పడుతుంది.

ఈ మాటకు మూలం లేకపోలేదు. 2022లో అయోవా స్టేట్ యూనివర్సిటీవాళ్లు ప్రచురించిన చిన్న అధ్యయనంలో, టీకా వేసుకున్నాక 90 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేసినవాళ్లకు నాలుగు వారాల తర్వాత యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి. 45 నిమిషాలు చేస్తే తేడా లేదు. పెద్ద వయసువాళ్లకు టీకాకు ముందు బరువులు ఎత్తించి చూసినా లాభం తేలలేదు. డెబ్బై ఏళ్ల మనిషిని ఆ రోజు గంటన్నర నడిపించాలని మేమైతే చెప్పం.

అక్కరకొచ్చేది నెలల తరబడి సాగే అలవాటు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 2009లో ప్రచురించిన పరిశోధనలో, అంతకుముందు వ్యాయామం లేని 60-83 ఏళ్లవాళ్లు 144 మంది. కొందరు పది నెలలు గుండె వేగం పెంచే వ్యాయామం చేశారు, మిగతావాళ్లు ఒళ్లు సాగదీసేవి, బ్యాలెన్స్ కోసం చేసేవి. ఫ్లూ టీకా వేసిన కొత్తలో రెండు జట్ల యాంటీబాడీల్లో పెద్ద తేడా లేదు. 24 వారాలకు చూస్తే మాత్రం, రక్షణ స్థాయి నిలిచినవాళ్లు మొదటి జట్టులోనే ఎక్కువ. అయితే యాంటీబాడీలు నిలిచినంత మాత్రాన ఫ్లూ రాదని కాదు.

కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి: వారానికి ఐదు రోజులు, 30 నిమిషాల చొప్పున. వేగం ఎంతంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మెటోప్రోలాల్, అటెనోలాల్ వంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి అంతగా పెరగదు. స్మార్ట్‌వాచ్ అంకె తక్కువగా ఉందని ఇంకా వేగం పెంచేస్తుంటారు, అది ప్రమాదం. వీళ్లకు మాట పరీక్షే గతి. వారంలో రెండు రోజులు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి 8-10 సార్లు లేచి కూర్చోవడం కూడా చేర్చండి. కుర్చీని గోడకు ఆనించాలి, కాళ్లకు చక్రాలున్న కుర్చీ వద్దు.

ఫిట్‌నెస్ వచ్చాక వేయించుకుందామని మాత్రం టీకాను వాయిదా వేయొద్దు. వేసుకున్నాక రక్షణ రావడానికే రెండు వారాలు పడుతుంది.

అపోహ: టీకా వేసిన చెయ్యి కదపకూడదు.

మామూలుగా కదపవచ్చు. ఆ రోజు బరువులు మాత్రం వద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే నర్సుకు ముందే చెప్పండి. సన్న సూది వాడి, తీశాక రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి. ఒకటి రెండు రోజుల నొప్పి మామూలే. వారం దాటినా చెయ్యి పైకి లేవకపోతే, సూది మరీ పైన, కీలు దగ్గర పడి ఉండొచ్చు. ఎముకల డాక్టరుకు చూపించండి.

జ్వరం వస్తే తగ్గేదాకా నడక ఆపండి. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే టీకా వల్లేనని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.